నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి

గాల్వెస్టన్ సముద్రం అందంగా ఉండదు. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లలో ఎవరిని అడిగినా ఈ మాట మొహమాటం లేకుండా చెబుతారు. మిసిసిపీ నుంచీ టెక్సాస్ నదుల నుంచీ వచ్చే ఒండ్రంతా ఆ లోతులేని తీరంలో కలుస్తుంది. అందుకే నీళ్లు మా కాలవకి వచ్చే కొత్తనీరులా ఎర్రగా ఉంటాయి. వేసవిలో సర్గాసం అనే నాచు గుట్టలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చి, ఎండకి కుళ్లి వాసన వేస్తుంది. అయినా ఆగస్టు చివర్లో, లేబర్ డే సెలవు దగ్గరపడుతుంటే, యాభై మైళ్లు కారేసుకుని జనం అక్కడికే పోతారు. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే ఆ సెలవుతో అమెరికావాళ్ల లెక్కలో వేసవి అయిపోయినట్టే. ఆ తర్వాత బడులు, ఫుట్‌బాల్, చలికోట్లు. ఆ రోజుల్లోనే అక్కడ తుఫాన్ల కాలం ముదురుతుంది. ఈ సంగతి గొడుగుల కింద పడుకున్న వాళ్లలో ఎవరికీ పట్టినట్టు కనిపించదు.

మేమూ అలాగే వెళ్లాం. పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడి దారిలోనే కాబట్టి ముందు అమ్మవారి దర్శనం, తర్వాత సముద్రం. మా ఆవిడ చీలమండలు తడిసేదాకా దిగి, ఇక చాలంది. మనవడు లైఫ్‌గార్డు టవరు మీది జెండాలు చూసి నాకు పాఠం చెప్పాడు. పచ్చజెండా అంటే దిగొచ్చు, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే ఒడ్డు దగ్గరే ఉండాలి, ఊదారంగు ఉంటే జెల్లీచేపలున్నాయని. వాడికి ఇసుక చాలు. నాకు మాత్రం ఇసుక మీద కూర్చుంటే తోచదు. నేను నీటిపారుదల శాఖలో కరకట్టల మీదా మురుగు కాలవల మీదా పనిచేసి డీఈగా రిటైరయ్యాను. పుట్టింది దివిసీమలో. కొత్త ఊరికి పోతే నేను మొదట అడిగేది ఈ నేల సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందని. ఆ ప్రశ్నకి గాల్వెస్టన్ ఇచ్చిన జవాబు గురించే ఈ వ్యాసం.

గాల్వెస్టన్ అంటే ఇసుక మేట. రాయి లేదు, గుట్ట లేదు. పొడవు 27 మైళ్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 3 మైళ్లు. ఒక పక్క సముద్రం, రెండో పక్క అఖాతం. 1900లో ఊరు మొత్తం మీద అన్నిటికన్నా ఎత్తయిన చోటు 8.7 అడుగులు. అప్పటికి దాదాపు 37 వేల జనాభా, టెక్సాస్ పత్తిలో చాలాభాగం ఓడలెక్కే రేవు, స్ట్రాండ్ అనే వీధి నిండా బ్యాంకులూ గోదాములూ. బానిసలకు స్వేచ్ఛ వచ్చిందని టెక్సాస్‌కి చెప్పిన సైనిక ఉత్తర్వు 1865 జూన్ 19న వెలువడింది ఈ ఊళ్లోనే. ఆ తేదీ పేరుతో వచ్చిన జూన్‌టీన్త్ 2021 నుంచి దేశమంతటికీ సెలవు. ఇంత ఊరికీ సముద్రానికీ మధ్య అడ్డం ఏమీ లేదు.

అలాగని హెచ్చరికలు లేకపోలేదు. అదే తీరంలో ఇండియనోలా అనే రేవు పట్నం 1875లో ఒకసారి, 1886లో మరోసారి తుఫానుకి దెబ్బతిని, ఇక జనం వదిలేసి పోయారు. గాల్వెస్టన్ పెద్దలు అప్పుడే గోడ కట్టాలనుకున్నారు, తర్వాత ఆ మాట మరిచిపోయారు. 1891లో ఊళ్లోని వాతావరణ కార్యాలయం అధికారి ఐజాక్ క్లైన్ స్థానిక పత్రికలో వ్యాసం రాసి, ఈ ఊరిని తుఫాను తీవ్రంగా దెబ్బతీస్తుందనుకోవడం భ్రమ అని తేల్చేశాడు. చదువుకున్నవాడు, శ్రద్ధగలవాడు. తొమ్మిదేళ్లకి వచ్చిన తుఫానులో ఆయన ఇల్లే కూలి భార్య పోయింది. క్యూబాలోని వాతావరణ పరిశీలకులకి ఈ తుఫాను ఎటు పోతుందో చాలావరకు అంతుపట్టింది. కానీ అమెరికా వాతావరణ శాఖకి వాళ్లంటే చిన్నచూపు, వాళ్ల తంతివార్తలు రాకుండా అడ్డం కూడా పెట్టింది. ఇంజనీర్లం మేం కూడా కాలవ లష్కరు మాట వినని సందర్భాలు కోకొల్లలు కాబట్టి ఈ ముక్క చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు.

1900 సెప్టెంబరు 8, శనివారం. నీళ్లు 15 అడుగులు దాటి లేచాయి. 3,600 ఇళ్లు పోయాయి. ఎంతమంది చనిపోయారో ఇప్పటికీ కచ్చితమైన లెక్క లేదు. ఆరు వేలని కొందరు, పన్నెండు వేలని కొందరు, ఎక్కువమంది చెప్పేది ఎనిమిది వేలు. అమెరికా చరిత్రలో ప్రకృతి వైపరీత్యానికి ఇంతమంది పోవడం అంతకుముందు లేదు, తర్వాతా లేదు. బీచి ఒడ్డున సెయింట్ మేరీస్ అనాథాశ్రమం ఉండేది. అక్కడి పది మంది సన్యాసినులు పిల్లలను బట్టలారేసే తాళ్లతో తమ నడుములకు కట్టుకున్నారు. పదిమందీ పోయారు, తొంభైమంది పిల్లలూ పోయారు. ముగ్గురు పెద్దపిల్లలు మాత్రం చెట్టు పట్టుకుని బతికారు. శవాలను పడవలకెత్తి సముద్రంలో వదిలితే అలలు మళ్లీ ఒడ్డుకే చేర్చాయి. ఇక ఎక్కడివక్కడ చితులు పేర్చారు, వారాల తరబడి కాలుస్తూనే ఉన్నారు. శవాలెత్తే పని నల్లజాతి కూలీల చేత తుపాకీ చూపించి చేయించారు.

శనివారం అన్నాను కదా. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 కూడా శనివారమే.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మేం చల్లపల్లి వైపు ఉండేవాళ్లం కాబట్టి మాకు గాలే గానీ ఉప్పెన రాలేదు. మా మేనత్తది కోడూరుకు కిందపక్క ఊరు. వారం ముందు నాగపట్నం దగ్గర ఒక తుఫాను తీరం దాటింది. రెండోది కూడా ఎటో పోతుందిలే అనుకున్నారు జనం. రేడియోలో చెప్పారనేవాళ్లున్నారు, రేడియో ఎన్ని ఇళ్లలో ఉండేదని తిరిగి అడిగేవాళ్లూ ఉన్నారు. నాన్న సోమవారానికి గానీ అత్తావాళ్ల ఊరు చేరలేకపోయాడు. ఏం చూశాడో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి మాత్రం, నేను ఉద్యోగంలో చేరినప్పుడు, గడ్డివామి ఎంత ఎత్తుంటుందో అంతకన్నా పైన తుమ్మకొమ్మకి చీర చిక్కుకుని ఉందని, ఇంజనీరువి కదా, ఆ లెక్క గుర్తుపెట్టుకోరా అని అన్నాడు. ప్రభుత్వ లెక్క పది వేల మంది. మా పక్క ఎవరూ ఆ లెక్కను నమ్మరు. సొర్లగొంది, పాలకాయతిప్ప, నాగాయలంక ఇలాకాలో ముసలివాళ్లను అడిగితే ఊరి లెక్క వేరే చెబుతారు. ఆ ఉప్పెన కూడా 15 అడుగులు దాటిందే.

1900 తుఫాను తర్వాత గాల్వెస్టన్ చేసిన పని ఇంజనీరుగా నన్ను నిద్రపోనివ్వలేదు. ముగ్గురు ఇంజనీర్ల కమిటీ వేశారు. అందులో హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు ఉన్నాడు. సభలు ఎలా నడపాలో చెప్పే రాబర్ట్స్ రూల్స్ పుస్తకం రాసింది ఆయనే. కమిటీ రెండు పనులు చెప్పింది. ఒకటి గోడ, రెండోది ఊరిని ఎత్తడం. గోడ అడుగున 16 అడుగుల మందం, పైన 5 అడుగులు, ఎత్తు 17 అడుగులు, సముద్రం వైపు ముఖం పుటాకారంగా వంచి ఉంటుంది. అల వచ్చి కొడితే పైకి లేచి వెనక్కే పడుతుంది. 1902లో మొదలుపెట్టి 1904కల్లా మొదటి మూడు మైళ్లు పూర్తిచేశారు. తర్వాత్తర్వాత పెంచుకుంటూ పోతే ఇప్పుడు పది మైళ్లు దాటింది. మొదటి ముక్కకి కౌంటీ 15 లక్షల డాలర్ల బాండ్లు అమ్మింది. ఇళ్లూ మనుషులూ పోగొట్టుకున్న ఆ ఊరివాళ్లే చాలావరకు కొన్నారు.

ఊరిని ఎత్తడం అంతకన్నా పెద్ద పని. గోడ దగ్గర 17 అడుగులకు నేల లేపి, అక్కడి నుంచి వెనక అఖాతం వైపుకి ప్రతి 1,500 అడుగులకీ ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చారు. నీళ్లు గోడ దాటి వచ్చినా నిలవకుండా వెనక్కి జారిపోవాలని. మురుగు కాలవల మీద ముప్ఫై ఏళ్లు గడిపినవాడికి ఆ వాలు చదివితే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. 1903 నుంచి 1911 దాకా ఆ పని సాగింది. ఊరి మధ్య నుంచి కాలవ తవ్వి, జర్మనీ నుంచి తెప్పించిన డ్రెడ్జర్లను అందులోకి తెచ్చి, సముద్రపు ఇసుకనీ నీళ్లనీ కలిపి గొట్టాలతో ఇళ్ల కింద పోశారు. నీళ్లు జారిపోయేవి, ఇసుక నిలబడేది. రెండువేలకు పైగా కట్టడాలను ముందే స్క్రూ జాకీలతో పైకి లేపి పెట్టారు. సెయింట్ పాట్రిక్ చర్చి బరువు 3,000 టన్నులు. 700 జాకీలు పెట్టి, అందరూ ఒకేసారి తిప్పుతూ అయిదడుగులు లేపారు. రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైపోతే జాకీలు పెట్టి లేపించే పని ఇప్పుడు మన పట్టణాల్లోనూ చూస్తున్నాం. అది ఒక ఇంటి గొడవ. వాళ్లు 500 బ్లాకుల ఊరిని లేపారు. ఇల్లు లేపే ఖర్చు ఎవరిది వాళ్లే పెట్టుకున్నారు. పనులు నడిచినన్నాళ్లు జనం చెక్క వంతెనల మీద, కింద బురద, పైన దోమలు, అలాగే బజారుకి వెళ్లారు, బడికి వెళ్లారు, పెళ్లిళ్లు చేసుకున్నారు.

పాత ఇళ్ల ముందు ఇనుప కంచెలు మోకాలి ఎత్తున కనిపించాయి. వీళ్లకి దొంగల భయం లేదా అని మా ఆవిడ అడిగింది. మిగతా కంచె ఇసుకలో కూరుకుపోయి ఉందని చెప్పాను. ఉప్పు ఇసుక పోయడంతో ఊళ్లోని చెట్లన్నీ చచ్చిపోయాయి. తర్వాత నాటినవాటిలో ఉప్పుకి తట్టుకున్నది గన్నేరు. వీధి వీధినా గన్నేరు పూలే. గాల్వెస్టన్‌కి గన్నేర్ల ఊరని పేరు. వినాయక చవితి దగ్గర్లో ఉందని మా ఆవిడ రెండు పూలు కోయబోతే అల్లుడుగారు కంగారుపడిపోయారు, పరాయివాళ్ల కంచె అత్తయ్యగారూ అని.

1915లో మళ్లీ దాదాపు అంతే పెద్ద తుఫాను వచ్చింది. గోడ నిలబడింది. ఊళ్లో పోయినవాళ్లు చాలా తక్కువ. ఇంజనీరు కథ అయితే ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టొచ్చు.

స్ట్రాండ్ వీధిలో నడుస్తుంటే ఆ చప్పట్లు ఆగిపోతాయి. ఇటుక గోడల మీద, ఐస్‌క్రీము దుకాణం పక్కన, బొమ్మల కొట్టు తలుపు పక్కన చిన్న పలకలు బిగించి ఉంటాయి. నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయని, 2008 సెప్టెంబరు 13 అని. ఐక్ తుఫాను అది. కొన్నిచోట్ల ఆ పలక నా గడ్డం దగ్గర ఉంది, కొన్నిచోట్ల నా తల దాటి ఉంది. మనవడు పలక కింద నిలబడి చేయి పైకి చాపాడు. అందలేదు. "తాతయ్యా, ఇంత నీళ్లా? గోడ ఉంది కదా?" అన్నాడు.

గోడ ఉంది. ఐక్‌కి గోడ ఏమీ కాలేదు. నీళ్లు గోడ మీదుగా రాలేదు, వెనక అఖాతం వైపు నుంచి వచ్చాయి. గాలికి పొంగిన అఖాతం ఊళ్లోకి నడిచి వచ్చింది. జాతీయ వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. కదలకపోతే చావు ఖాయమన్నంత గట్టిగా చెప్పింది. అయినా వేలమంది కదల్లేదు. ఎందుకు కదల్లేదంటే, నా లెక్కలో, వాళ్లకి గోడ గుర్తుంది, నీళ్లు గుర్తు లేవు. వందేళ్లుగా ఆ ఊరు పిల్లలకి చెప్పుకున్న కథ గోడ గెలిచిన కథ. ఆ గెలుపు వెనక వాకిలి మూసి లేదన్న సంగతి కథలోంచి జారిపోయింది. ఐక్ తర్వాత వాళ్లు వీధుల్లో బిగించిన పలకల మీద గెలుపు ఊసు లేదు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఉంది, ఏ రోజో ఉంది, అంతే.

1900 నాటి తుఫానుకి నిలబడ్డ ఇళ్లకీ పలకలున్నాయి. అనాథాశ్రమం ఉన్న చోట గోడ మీద ఒక ఫలకం ఉంది, కారు ఆపుకుని చదవొచ్చు. ఐక్ ఉప్పునీటికి ఊళ్లో 40 వేల చెట్లు చచ్చాయి. అందులో పెద్ద ఓక్ చెట్ల మోళ్లు కొన్ని తీసేయకుండా శిల్పులను పిలిచి కొంగలు, డాల్ఫిన్లు, కుక్కలు చెక్కించారు. వాటిని చూడటానికి టూరిస్టులు ప్రత్యేకంగా తిరుగుతారు. విషాదాన్ని వ్యాపారం చేసుకున్నారని కోప్పడేవాళ్లు ఉంటారు. నాకు కోపం రాలేదు. పలక చూడటానికి వచ్చినవాడు కాఫీ తాగి పోతే నష్టమేమిటి? తుపాకీ ముందు శవాలు మోసిన ఆ నల్లజాతి కూలీల పేర్లు మాత్రం ఆ వీధుల్లో నేను చదివిన ఏ పలక మీదా లేవు. అది మనకి కొత్త కాదు.

గాల్వెస్టన్‌ని నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. గోడ కట్టాక దాని ముందు ఇసుకను సముద్రం తినేసింది. ఇప్పుడు బయటి నుంచి ఇసుక తెచ్చి పోసి బీచి తయారుచేస్తున్నారు. 61వ వీధికి పడమరగా ఉన్న ఒక ముక్క 2015లో అలా పుట్టిందే. గోడ అయిపోయిన చోటి నుంచి పడమటి కొసదాకా స్తంభాల మీద ఖరీదైన ఇళ్లు కట్టుకుంటూనే ఉన్నారు. వెనక వాకిలి మూయడానికి గాల్వెస్టన్‌కీ బొలివార్ ద్వీపకల్పానికీ మధ్య నీటిలో పెద్ద గేట్లు పెట్టే పథకానికి అమెరికా కాంగ్రెస్ 2022 చివర్లో అనుమతిచ్చింది. అప్పటి అంచనా 3,400 కోట్ల డాలర్లు. మన రాష్ట్రాలు ఆ జోలికి పోలేవు, పోనక్కర్లేదు కూడా. ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డునీ ఇళ్లనీ కోసుకుపోతుంటే ఏటేటా రాళ్లు పోస్తున్నాం, గోడల గురించి ఆ ఊరికి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. నేను తెచ్చుకోవాలంటున్నది ఆ చిన్న పలకని.

మనం చేసిన మంచి పని ముందు చెప్పుకోవాలి. 1977 తర్వాత మన హెచ్చరికల వ్యవస్థ చాలా మారింది. 1990 మే తుఫాను, 1996 కోనసీమ తుఫాను దాదాపు వెయ్యేసి మందిని పొట్టన పెట్టుకున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ లాంటి మహానగరం మీదే తీరం దాటింది. ఆస్తులు పోయాయి, చెట్లు పోయాయి, ప్రాణనష్టం మాత్రం ఆ స్థాయిలో లేదు. లక్షలమందిని ముందే తరలించగలిగాం. ఆ పని చేసిన రెవెన్యూవాళ్లకీ పోలీసులకీ పంచాయతీ సిబ్బందికీ దక్కాల్సిన మెప్పు పూర్తిగా దక్కలేదు. ప్రపంచ బ్యాంకు అప్పుతో తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టాం. వాటిలో కొన్ని బడులుగా నడుస్తున్నాయి, కొన్ని గోదాములుగా. తాళం ఎవరి దగ్గరుందో తెలియని ఒక షెల్టరు ముందు ఎండలో నిలబడ్డ అనుభవం నాకుంది, ఏ ఊరో చెప్పను.

మరి గుర్తు సంగతి? అవనిగడ్డ దగ్గర ఉప్పెన స్మారకం ఉంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో అక్కడ కట్టారు. దండలు వేస్తారు, నవంబరులో నాయకులు వస్తారు. నాకు గౌరవమే. అయితే ఇంజనీరు కంటితో చూస్తే, నీళ్లు ఆగిన చోట లోతు సున్న. ఎంత దూరం వచ్చిందో అది చెబుతుంది, ఎంత ఎత్తున వచ్చిందో చెప్పదు. కోడూరులో, నాగాయలంకలో, హంసలదీవిలో బడికి పోయే పిల్లవాడికి కావలసింది ఎత్తు. మా ఊరి రామాలయం గోడ మీద నీళ్లు ఎక్కడ నిలిచాయి? మా బడి కిటికీ మునిగిందా? షెల్టరు మొదటి అంతస్తు ఆ నీటి గీతకి పైనుందా, కిందుందా? ఈ ప్రశ్నలకి నేను తిరిగిన ఊళ్లలో ఏ గోడా జవాబు చెప్పలేదు.

దివిసీమ ఒక్కటే కాదు. 1864లో బందరుని ముంచిన ఉప్పెనలో 30 వేల మంది పోయారు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు పట్నం. 1789లో ఒకసారి, 1839లో మరోసారి సముద్రం దాని మీద పడింది. మన ఇండియనోలా అది. కాకినాడ నుంచి మడ అడవులు చూడటానికి చెక్కబాట మీద నడిచే వేలమందిలో, ఇక్కడ ఒక పట్నం మునిగిపోయిందని ఎంతమందికి తెలుసు? ఆ మడ చెట్లే ఈ రోజు వెనకున్న ఊళ్లకి కాస్త అడ్డుగా ఉన్నాయి. చెరువులకోసం వాటిని కొట్టేసినవాళ్లకి ఒక గీత చూపించి ఉంటే ఆగేవారని కాదు, కనీసం పక్కింటివాడు నోరెత్తేవాడు.

నీళ్లు వచ్చిన ఎత్తుని ఊళ్లో గోడల మీద గీతగా గీయాలన్న మాట నేను మా వైపు ఎక్కడ ఎత్తినా రెండు అభ్యంతరాలు వస్తాయి. గోడ మీద అలా గీతలు గీస్తే ఎకరం ధర పడిపోతుందని ఒకటి. గాల్వెస్టన్‌లో ఆ పలకలున్న భవనాలు ఇప్పటికీ ఊళ్లో గిరాకీ ఉన్నవే, అద్దెలు తక్కువేమీ కాదు. ఒకవేళ ధర పడినా, మునిగే నేలకి మునగని నేల ధర చెప్పి అమ్మడాన్ని మోసం అంటారు. రెండో అభ్యంతరం నాకు ఇంకా బరువుగా ఉంటుంది. ఎందుకయ్యా మళ్లీ తవ్వడం, మా పిల్లలకి ఆ భయం ఎందుకు అంటారు ఆ రోజు మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు. మా అత్త పెద్దకొడుకు అదే అన్నాడు. ఆ ఇంట్లో అతనూ ఇంకో తమ్ముడూ మిగిలారు. అతనితో నేను వాదించలేదు. పదో తరగతి చదివే అతని మనవరాలు మాత్రం, నీళ్లు మన ఇంటి మీదికి ఎంత వచ్చాయి తాతా అని ఆ పూటే అడిగింది. అతను లేచి వెళ్లి పాత పెంకుటింటి దూలం మీద చెయ్యి పెట్టి చూపించాడు.

ఇప్పుడు శాటిలైట్లున్నాయి, ఫోనుకి సందేశం వస్తుంది, గీతలెందుకు అనే కుర్ర ఇంజనీర్లూ ఉన్నారు. ఐక్‌కి శాటిలైట్లు లేవా? హెచ్చరిక చేరడం వేరు, లేచి బయల్దేరడం వేరు. గంటకి ఇన్ని కిలోమీటర్ల గాలి, ఇన్ని మీటర్ల ఉప్పెన అని టీవీలో చెబితే ఆ మీటర్లు మన ఇంటి గుమ్మానికి ఎక్కడొస్తాయో ఎవరికీ తట్టదు. బడి గోడ మీద నీలం గీత ఉంటే, ఈసారి గీతకి ఒక అడుగు కిందిదాకా వస్తుందట, పైకి వస్తుందట అని వీఆర్వో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కరకట్టని నమ్ముకుని కదలనివాళ్లకి చెప్పడం మరీ అవసరం. కరకట్టల మీద పనిచేసినవాడిగా చెబుతున్నాను, కట్ట పొంగిన నీటిని ఒక మేర దాకానే ఆపుతుంది. దాటి వచ్చిన నీటిని తిరిగి పోనివ్వకుండా పట్టి ఉంచేది కూడా అదే కట్ట. స్లూయిస్ తలుపులు తుప్పుపట్టి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఖర్చు ఎంతని అడుగుతారు. గాల్వెస్టన్ పద్ధతిలో ఇత్తడి పలకలు అక్కర్లేదు, దొంగలు పీక్కుపోతారు కూడా. ఎనామిల్ పెయింటు చాలు. అడుగు పొడవు నీలం గీత, కింద తేదీ. ఊరికి మూడు చోట్ల, బడి, గుడి లేదా చర్చి, పంచాయతీ ఆఫీసు. గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి సాక్షులు ఇంకా ఉన్నారు. ఆ రోజు పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవై దరిదాపుల్లో ఉన్నారు. ఏ దూలం, ఏ కొమ్మ, ఏ గుడి మెట్టు అని వాళ్లే చూపిస్తారు. ఒకరి మాట చాలదు కాబట్టి ఊళ్లో నలుగురైదుగురు చూపిన చోట్లకి లెవెల్ పెట్టి రీడింగులు తీసి, దగ్గర్లోని బెంచిమార్కుకి కలిపి, తేడా వచ్చిన వాటిని మళ్లీ అడిగి సరిచూడాలి. ఒక సర్వేయరు, స్టాఫ్ పట్టుకోవడానికి ఒక మనిషి, ఊరికి ఒక రోజు. పాత ఇల్లు కూలిపోయినా లెవెల్ మిగులుతుంది, కొత్త గోడ మీదికి దాన్ని మార్చుకోవచ్చు. పాలిటెక్నిక్ సివిల్ పిల్లలకి సర్వే ప్రాక్టికల్స్ ఎలాగూ ఉంటాయి. కాలేజీ ఆవరణలో స్తంభాల మధ్య కొలిచే బదులు సొర్లగొంది వచ్చి కొలవమనండి.

శాఖ చేయకపోతే పంచాయతీలు చేయొచ్చు, పంచాయతీలు చేయకపోతే మాలాంటి రిటైరైనవాళ్లు నలుగురం చేయొచ్చు. మా బ్యాచివాళ్లలో ఇద్దరు ఇప్పటికే సరేనన్నారు. ఒకరికి మోకాళ్ల నొప్పులు, స్టాఫ్ పట్టుకునే పని ఆయనకి ఇవ్వలేం. ఆటో లెవెల్ మచిలీపట్నంలో రోజు అద్దెకి దొరుకుతుంది. నవంబరులో వరి కోతలు మొదలవకముందే కోడూరులో మొదలుపెట్టాలని అనుకుంటున్నాం.